నన్ను చూసి నవ్విన నవ్వు

తొమ్మిదేళ్ళుగా ఒక నవ్వును మోస్తున్నాను. రెండు సెకన్లు కూడా ఉండదు అది. నవ్వింది వేరే ఆమె. దాన్ని ఒకచోటి నుంచి కోసి ఇంకొకచోట అతికించింది నేను. ఈ సంగతి ఈమధ్య ఇద్దరికి చెప్పినాను, కానీ ముక్కలుగా చెప్పినాను. మొదటి నుంచి చివరి దాకా, నాకు అనుకూలంగా ఏదీ సర్దుకోకుండా చెప్పడం ఇదే మొదలు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోందేమో.

నేను వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. బళ్ళారి బ్రూస్‌పేటలో బట్టలంగడి పైన ఒక స్టూడియోలో పని మొదలుపెట్టినాను. మొదట్లో అన్నీ పెళ్ళి వీడియోలే. పెళ్ళికూతురు తల వంచుకున్న షాట్ అందరికీ కావాల. ఆమె తలెత్తి చుట్టాలతో గట్టిగా మాట్లాడుతుంటే, అది తీసెయ్యమ్మా అనేవాళ్ళు. పెళ్ళికొడుకు అదేమాదిరి మాట్లాడితే ఉంచమనేవాళ్ళు. నాకెవరూ పాఠం చెప్పలేదు. ఇట్లాగే వచ్చేసింది.

తర్వాత పాటల వీడియోలు వచ్చినాయి. ఊరూరా కుర్రాళ్ళు కెమెరాలు అద్దెకు తెచ్చుకుని తెలుగులో, కన్నడలో జానపదాలు తీసి నెట్లో పెట్టే కాలం మొదలైంది. నేను పెద్ద పాటల వీడియోలన్నీ ఆపి ఆపి చూసేదాన్ని. దరువు పడే చోట నడుము. మగవాడి మాట పూర్తి కాగానే ఆడమనిషి ముఖం. ఆమె వద్దంటే, వెంటనే ఒక నవ్వు. వద్దు వెనకే నవ్వు వస్తే చూసేవాడికి ఆ వద్దు వినబడదు. ఇది నాకు బాగా తెలుసు. తెలుసు అన్నమాట మీరు గుర్తు పెట్టుకోండి. తెలియక చేసినానని ఈ కథలో ఎక్కడా అనబోవడం లేదు.

మా స్టూడియో యజమాని నా పని చూసి వచ్చినవాళ్ళతో, "ఈ అమ్మాయి కోతలో మగోడి కన్ను ఉండాది" అనేవాడు. నేను అది మెచ్చుకోలుగా తీసుకున్నాను. చాలా ఏళ్ళు తీసుకున్నాను.

సుంకమ్మది కెంచనగుడ్డ. అప్పటికి నలభై దాటి ఉంటాయి. తుంగభద్ర కాలవ కింద వరి మళ్ళల్లో నాట్లు వేసే ఆడవాళ్ళ గుంపుకు ఆమె మేస్త్రి. పన్నెండు మందిని వెంటేసుకుని, ఏ మడి ఏ రోజో తానే మాట్లాడుకుని, ట్రాక్టర్ ఎక్కించుకుని తీసుకుపోయేది. ఆమె పని ఎక్కువగా కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులో. ఆ క్యాంపులో ఒక రైతు కొడుకు ప్రసాదు. ఇరవై మూడేళ్ళు. డైరెక్టర్ కావాలని ఆశ.

సుంకమ్మ నాట్లలో ఒక పాట పాడేది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుని తాను కొన్ని మాటలు కలుపుకున్నదట.

*నారు పీకిన చేతులు ఇవి మామా*
*నీ కాళ్ళొత్తే చేతులు కావు మామా*
*నడుము వంచి నేను నాటొచ్చినాను*
*పొయ్యి రాజేసి నువ్వు కూసో మామా*

ప్రసాదు దీన్ని విని, వీడియో తీద్దాం అనుకున్నాడు. అతని ఆలోచన చాలా సాదాది. గట్టు మీద ఒక పోకిరి నిలబడి ఆటపట్టిస్తాడు. నారు కట్ట ఒకటి ఆమె పక్కన విసురుతాడు, నీళ్ళు చిందుతాయి. ఆమె నడుము ఎత్తి వాడిని కోపంగా చూస్తుంది. ఆ చూపుతో పాట మొదలు. చివరికి వాడు తలొంచుకుని పోతాడు. అంతే.

సుంకమ్మ ముందు ఒప్పుకోలేదు. గుంపులో ఆడవాళ్ళు కూడా ఒప్పుకోలేదు. వీడియో అంటే ఎట్లా చూపిస్తారో వాళ్ళకి తెలుసు, ఫోన్లు వాళ్ళ ఇళ్ళల్లోనూ ఉన్నాయి. అప్పుడు ప్రసాదు నన్ను తీసుకుపోయి చూపించినాడు. ఎడిటింగ్ చేసేది ఈ అక్కే అన్నాడు. సుంకమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వేనా అతికించేది? అయితే సరే" అన్నది. ఆమె ఒప్పుకున్నది ఒకే ఒక కారణంతో. ఆ కారణం నేను.

షూటింగ్ రోజు నేనూ పోయినాను. అవసరం లేదు, ఊరికే పోయినాను. గట్టు మీద నడుస్తూ కాలు జారి నడుముదాకా బురదలో కూర్చుండిపోయినాను. కొత్త చుడీదారు. సుంకమ్మ చేతిలో నారు వదిలేసి నవ్వింది. పళ్ళన్నీ కనపడేట్టు, కళ్ళు మూసుకుపోయేట్టు నవ్వి, చేయి అందించి, "లెయ్యి అమ్మీ, మా మడిలో నువ్వూ నాటుకుంటివి" అన్నది. కెమెరా అప్పుడు ఆమె వైపే ఉంది. ఆగలేదు.

ఆ నవ్వు నా కోసం. నా మీద కూడా కాదు. నేను ఎక్కడ సిగ్గుపడతానో అని, నాకు నొప్పి కాలేదని చూసుకుని నవ్విన నవ్వు. తోడబుట్టినవాళ్ళు నవ్వేది.

స్టూడియోలో అన్ని షాట్లూ పరుచుకుని చూసినాను. నారు కట్ట విసిరిన తర్వాత ఆమె చూసిన కోపపు చూపు చాలా బాగా వచ్చింది. ఆమెకు నటన తెలియదు. ఎప్పుడో ఎవడినో నిజంగా చూసిన చూపునే మళ్ళీ చూసింది. నేను కూడా బస్సులో వెనక్కి తిరిగి అట్లా చూసినదాన్నే. ఆ చూపు ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

దాన్ని తీసేసినాను.

దాని చోట నవ్వు పెట్టినాను. వాడు విసిరినాడు, నీళ్ళు చిందినాయి, ఆమె లేచింది, నవ్వింది. ఒకసారి ఆడించి చూసినాను. సరిగ్గా కుదిరింది. పెద్ద పాటల వీడియోల్లో ఉన్నట్టే ఉంది. ఆ నవ్వును కొంచెం నెమ్మది చేసినాను, అప్పుడు ఇంకా కుదిరింది. ఆమె వంగినప్పుడు వెనక నుంచి తీసినవి ఉన్నాయి, కెమెరామన్ ఎందుకు తీసినాడో అతనికే తెలియాల. నేను వాటిని దరువు మీద కోసి పెట్టినాను. పొయ్యి రాజెయ్యమన్న చరణం నిడివి ఎక్కువైంది. తీసేసి, పోకిరి ఈల రెండుసార్లు వేసినాను. చివర్లో వాడు తలొంచుకుని పోయేది కూడా తీసేసినాను.

ఆమె పాటలో ఆమె గొంతు ఉంది. ఆమె మాట లేదు.

ప్రసాదు వచ్చి చూసినాడు. నేనిప్పుడు చెప్పేది చాలా ముఖ్యం. అతను వద్దన్నాడు. "ఆ నవ్వు ఆ సందర్భంలోది కాదు కదక్కా. ఆవిడ కోప్పడాలి కదా. బావుండదేమో" అన్నాడు. నేను నవ్వి, "నువ్వు కొత్తోడివి, చూసేవాళ్ళకి ఏం కావాలో నాకు తెలుసు" అన్నాను. అతను మళ్ళీ ఒకసారి అన్నాడు. నేను కొంచెం గట్టిగా, "ఆడదాన్ని నేనే బాగుందంటాంటే నీకేం బాధప్పా" అన్నాను. ఆ మాటతో అతను దాన్నే తీసుకుపోయి తన ఛానల్లో పెట్టినాడు. ఇంకేం అనగలడు?

ఎందుకు చేసినాను? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. పేరు కోసం అనుకున్నాను, పని పోతుందన్న భయం అనుకున్నాను, అలవాటు అనుకున్నాను, అన్నింటిలోనూ కొంత ఉండొచ్చు. కానీ ఆ నిమిషంలో నా లోపల ఉన్నది భయం కాదు, ఒక పని బాగా కుదిరినప్పుడు కలిగే సంతోషం, దర్జీకి కుట్టు చక్కగా పడితే కలిగేలాంటిది, అదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. సంతోషంగా చేసినాను.

పాట బాగా పోయింది. బళ్ళారి, సిరుగుప్ప, ఆదోని, ఎక్కడ చూసినా ఫోన్లలో అదే.

రెండు వారాలకు సుంకమ్మ సిరుగుప్ప సంతకు పోయింది. కూరగాయల దగ్గర ఒక కుర్రాడు కొత్తిమీర కట్ట ఆమె కాళ్ళ దగ్గరికి విసిరినాడు. విసిరి, నవ్వుతుందని నిలబడి చూసినాడు. ఆమె తిట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు, తిట్టింది కదా ఇంక నవ్వుతుంది చూడు అన్నారట. తర్వాతి సంతలో ఇంకొకడు. బస్సులో ఎవడో అరటి తొక్క విసిరినాడు. గుంపులో మిగతా ఆడవాళ్ళకూ ఇదే మొదలైంది. వాళ్ళ ఇళ్ళల్లో మగవాళ్ళు సుంకమ్మ వెంట పంపం అన్నారు. పన్నెండు మంది ఏడుగురైనారు, తర్వాత నలుగురు.

ఆమె స్టూడియోకు వచ్చింది. మధ్యాహ్నం. మెట్లెక్కి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, నా పక్కన స్టూలు మీద కూర్చున్నది. చేతిలో కొడుకు ఫోను. పాట పెట్టి, సరిగ్గా ఆ చోట ఆపింది. ఎన్నిసార్లు చూసిందో, ఆపడంలో చేయి తిరిగిపోయింది ఆమెకు.

"ఇది నేను నిన్ను చూసి నవ్విండేది కదా అమ్మీ?"

"అవునక్కా."

"ఈడ ఎట్లా వచ్చె మరి?"

నేను కంప్యూటర్ వైపు చూసినాను.

"కోపంగా చూడమంటే చూస్తిని. అది యాడ పోయె?"

"తీసేసినారక్కా."

"ఎవురు?"

ఆ ఎవురు అన్న మాటకూ నా జవాబుకూ మధ్య ఎంతసేపు పట్టిందో నాకు గుర్తులేదు. ఎక్కువసేపు పట్టలేదనే అనుకుంటాను. ఎక్కువసేపు పట్టి ఉంటే బాగుండేది.

"ప్రసాదు చెప్పినాడు పెట్టమని. నేను వద్దన్నాను. వినలేదు. నాది కూలి పని కదక్కా, వాళ్ళు చెప్పినట్టు చేయాల."

అతను చెప్పిన మాటలు నేను చెప్పినట్టు, నేను చెప్పిన మాటలు అతను చెప్పినట్టు తిప్పి చెప్పినాను. అది కూడా ఒక ఎడిటింగే.

సుంకమ్మ నా చేయి పట్టుకున్నది. "నువ్వేం చేస్తావులే. మన బతుకులు అంతే. ఆడదానివి, నీకు తెలీదా ఏంది" అన్నది. నన్ను ఓదార్చింది. ఆమె లేచి పోయేటప్పుడు నేను మెట్ల దాకా పోయి, జాగ్రత్తక్కా అని కూడా అన్నాను.

ఆమె నేరుగా క్యాంపుకు పోయింది. ప్రసాదు ఇంటి ముందు నిలబడి, అతని అమ్మా నాయనా వినేట్టు అడగవలసిందంతా అడిగింది. ప్రసాదు, నేను కాదు, ఎడిటింగ్ చేసే అక్క చేసింది, నేను వద్దన్నాను అన్నాడు. ఎవరూ నమ్మలేదు. వాళ్ళమ్మే నమ్మలేదట. ఒక ఆడమనిషి ఇంకొక ఆడమనిషిని అట్లా చూపిస్తుందా అన్నది. సుంకమ్మ, చేసింది చాలక ఆ అమ్మి మీద తోస్తాండావా అని ఇంకో నాలుగు మాటలు ఎక్కువే అన్నది. ప్రసాదు నాయన కొడుకును ఇంట్లోకి పొమ్మని, ఆమెతో, మా మళ్ళల్లోకి ఇంక రావద్దు అన్నాడు. క్యాంపులో ఒకరు వద్దంటే అందరూ వద్దన్నట్టే.

ఆడవాళ్ళంటే ఇట్లా ఉంటారని చూపించి ఒక వీడియో చేసినాను. ఆడవాళ్ళు ఇట్లాంటి పని చేయరని అందరూ నమ్మబట్టి దాని నుంచి తప్పించుకున్నాను. రెండూ నాకు పనికొచ్చినాయి.

ప్రసాదు ఒకసారి వచ్చినాడు. లోపలికి రాలేదు, తలుపు దగ్గరే నిలబడి, "మా అమ్మకైనా చెప్పక్కా" అన్నాడు. చూద్దాంలే అన్నాను. తర్వాత అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొంతకాలానికి ఫోన్లు రావడం ఆగిపోయింది. అతను మళ్ళీ ఏ వీడియో తీయలేదు. ఎరువుల అంగడి పెట్టుకున్నాడని విన్నాను.

నేను పనిలో ముందుకు పోయినాను. ఏం దాచను, బాగానే బతికినాను.

పోయిన సంవత్సరం ఒక ఆడపిల్లల కాలేజీవాళ్ళు పిలిచినారు. పాటల వీడియోల్లో ఆడవాళ్ళను ఎట్లా చూపిస్తారు అన్న దాని మీద పిల్లలు ఒక కార్యక్రమం చేస్తున్నారు, ఈ పనిలో ఉన్న ఆడమనిషిగా మీరు మాట్లాడాలన్నారు. పోయినాను. పిల్లలు ఏరుకొచ్చిన ముక్కలు తెర మీద వేసినారు. నాలుగోది సుంకమ్మ.

ఒక సన్నటి పిల్ల, జడ ముందుకు వేసుకుని, చేతిలో కాగితం పట్టుకుని నిలబడి చెప్పింది. ఈమె కష్టం చేసుకునే మనిషి, అయినా ఆమె చేసే పని మనకు కనబడదు, నడుమే కనబడుతుంది. ఒకడు వచ్చి వేధిస్తే ఆమె నవ్వుతుంది. ఇది చూసిన అబ్బాయిలు ఏం నేర్చుకుంటారు? మేము బస్టాండులో కోప్పడితే వాళ్ళు ఎందుకు నవ్వుతారో మాకు ఇది చూసినాక అర్థమైంది. అట్లా చెప్పి, నా వైపు తిరిగి అడిగింది.

"మేడం, ఇట్లాంటివి చేసేవాళ్ళంతా మగవాళ్ళేనా?"

హాలునిండా ఆడపిల్లలు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆమె అడిగింది నన్నే, నా పని గురించే, ఆ తెర మీద ఉన్నది నా చేతి కోతే. ఇంతకంటే దగ్గరగా ఎవరు అడుగుతారు? చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు.

"అప్పట్లో అందరూ మగవాళ్ళేనమ్మా" అన్నాను.

చప్పట్లు కొట్టినారు. శాలువా కప్పినారు.

మొదటిసారి అబద్ధం చెప్పినప్పుడు భయంతో చెప్పినాను అనుకోవచ్చు. రెండోసారి ఎవరి భయం? అడిగింది పద్దెనిమిదేళ్ళ పిల్ల. అంతసేపూ ఆమె చెప్పింది విని, లోపల ఔను ఔను అనుకుంటూనే, నోటితో ఇంకొకటి అన్నాను. ఆ రోజు తెలిసింది, ఇది ఎప్పుడో చేసి ముగించిన పని కాదు, ఇంకా చేస్తూనే ఉన్నానని.

సుంకమ్మ ఎక్కడుందో కనుక్కోవడానికి కొన్ని నెలలు పట్టింది. తారానగర్‌లో కూతురి దగ్గర ఉంది. అక్కడి బడిలో పిల్లలకు బిసియూట, అంటే మధ్యాహ్నం అన్నం, వండే పని. సండూరు బస్సెక్కి పోయి, బడి దగ్గర దిగినాను. పిల్లలు తినేసి పోయినారు, ఆమె గిన్నెలు తోముతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టి, "అమ్మీ, నువ్వా" అని చేతులు కడుక్కుని వచ్చి మంచినీళ్ళు ఇచ్చింది.

నీళ్ళు తాగకుండా చెప్పినాను. తాగితే చెప్పలేనేమో అనిపించింది. నవ్వు పెట్టింది నేను. చూపు తీసింది నేను. ప్రసాదు వద్దన్నాడు. నీకు చెప్పింది అబద్ధం. ఈ నాలుగూ చెప్పినాను. క్షమించు అన్న మాట కూడా సిద్ధం చేసుకుని పోయినాను, కానీ దాని దాకా రాలేదు. ఆమె నా ముఖం చూడటం లేదు. గిన్నెల వైపు చూస్తోంది. ఆమె వేళ్ళు లెక్కపెడుతున్నట్టు కదిలినాయి.

అప్పుడు అన్నది.

"అయితే ఆ పిలగాన్ని నేను ఊరికే తిడితినా?"

నేను ఔనన్నట్టు తలూపినాను.

"వాళ్ళమ్మ ముందర. అన్నన్ని మాటలు."

నేను తిట్లు తినడానికి తయారై పోయినాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని ఒక మూల కోరిక కూడా ఉండింది. ఆమె మనసులో నేను లేను. తొమ్మిదేళ్ళు తన తప్పేమీ లేదని నమ్మి బతికిన మనిషి, తన జీవితంలో తనకు జరిగిన అన్యాయమే తప్ప తాను చేసింది ఏదీ లేదనుకున్న మనిషి, నేను చెప్పడం వల్ల ఇప్పుడు తనకూ ఒకటి ఉందని తెలుసుకున్నది. నా బరువు దించుకోవడానికి పోయి ఆమెకు ఒకటి ఎత్తి వచ్చినాను. ఇది ముందే తెలిసి ఉంటే పోయేదాన్నా? పోయేదాన్నేనేమో. చెప్పలేను.

"నువ్వు పో అమ్మీ. నాకు కెలస ఉండాది" అని మళ్ళీ గిన్నెల దగ్గరికి పోయింది. కోపంగా అనలేదు. పని ఉన్నవాళ్ళు అన్నట్టే అన్నది. నేను గేటు దగ్గర కొంచెంసేపు నిలబడినాను. ఆమె తిరిగి చూడలేదు.

మరుసటి రోజు ప్రసాదుకు ఫోన్ చేసినాను. సుంకమ్మకు నిజం చెప్పినానని చెప్పినాను. అతను, "మా అమ్మ పోయి రెండేళ్ళయిందక్కా" అన్నాడు. అంగట్లో ఎవరో వచ్చినట్టున్నారు, పెట్టేసినాడు.

వీడియో ఇంకా నెట్లో ఉంది. అతని ఛానల్లోది అతను ఎప్పుడో తీసేసినాడు, కానీ వేరేవాళ్ళు ఎక్కించుకున్నవి ఎన్నో ఉన్నాయి. వాటిని తీయించడం నా చేతిలో లేదు. ప్రయత్నించినాను.

కాలేజీవాళ్ళు ఈ సంవత్సరం కూడా పిలిచినారు. వస్తానని చెప్పినాను. ఆ పాట మళ్ళీ వేయమని, వేసేటప్పుడు ఎడిటింగ్ అని నా పేరు కూడా కింద వేయమని ఉత్తరం రాసి, నిన్న పోస్టు చేసినాను. జడ ముందుకు వేసుకున్న ఆ పిల్ల ఇంకా అక్కడే చదువుతోందో లేదో తెలియదు. ఉంటే ఈసారి, మరి మీరెందుకు చేసినారు మేడం, అని అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు, కానీ ఆ పని చేసింది నేనేనని తెలిసి నన్నే అడుగుతుంది.

ఈ కాగితాల మీద మాత్రం నా పేరు రాయలేదు. అంత ధైర్యం ఒక్కసారిగా రాలేదు. వచ్చినంత మేరకు ఇది.